గుంజనార్థకమగు నొక యాంగ్లక్రియ: దాని పుట్టుక, యర్థపరిణామము

శబ్దములకు మూలము ధాతువా, ధ్వనియా యను వివాదము శబ్దశాస్త్రమంత ప్రాచీనమైనది. లోకమునందలి పదములలోఁ గొన్ని ధాతువులకుఁ బ్రత్యయములు చేరుటచేఁ బుట్టినవి. మఱికొన్ని చెవికి సోఁకిన ధ్వనిని నోటితో ననుకరించుటచేఁ బుట్టినవి. మొదటి తెగవాని చరిత్రమును వ్యాకరణము చెప్పును. రెండవ తెగవానికిఁ జరిత్రమే లేదనియు, తుమ్మెద యెచ్చట రొదచేసిన నచ్చట నట్టి పదము తనంతటఁ బుట్టుననియుఁ బలువురు తలఁతురు. ఈ తలఁపు సగమే నిజము. అనుకరణపదమునకు జన్మము సులభమే. కాని పుట్టిన పిమ్మట నదియు నితరపదములవలెనే దేశములు తిరుగును, రూపము మార్చుకొనును, పరిహాసమునకుఁ బాత్రమగును, తుదకుఁ దన పుట్టువునకు సంబంధింపని యర్థమునందు స్థిరపడును. ఇందులకు ఇంగ్లీషుభాషయందలి 'బాంబినేట్' అను క్రియ మంచి యుదాహరణము.

ఇంగ్లీషునందుఁ దుమ్మెదలు, తేనెటీఁగలు మొదలగువాని రొదను దెలుపు క్రియలు పెక్కులు గలవు. 'హమ్' అనునది పెదవులు మూసి ముక్కుచేఁ బలుకు మంద్రధ్వనిని, 'బజ్' అనునది ఱెక్కల యదురునందలి కఱకుఁదనమును దెలుపును. 'డ్రోన్' అనునది మొదట మగతేనెటీఁగకుఁ బేరు. పిదప దాని యెడతెగని రొదకును, ఆ రొదవలె విసుఁగు పుట్టించు నేకస్వరభాషణమునకును జెల్లినది. మనుష్యుఁడు లోన లేక యెగురు యంత్రములకు నేఁడు తెనుఁగునను నీ పేరే వ్యవహారమున నున్నది. ఇవి యన్నియు జనసామాన్యము వాడుకొను మాటలు. బాంబినేట్ అట్టిది కాదు. అది పుస్తకమునఁ బుట్టి పుస్తకములయందే మెలఁగు పదము. నిఘంటువులు దానికి గుంజనము చేయుట యని యర్థము చెప్పును. ప్రయోగమునందో, అర్థశూన్యముగా నెడతెగక మాటలాడుట యను భావమును సయితము అది తెలుపుచుండును. ఈ రెండర్థముల నడుమనున్న దూరమే యీ పదముయొక్క చరిత్రము.

దీనికి మూలము గ్రీకుభాషయందలి 'బోంబొస్' అను నామము. లోఁతై, బోలై మ్రోఁగు ధ్వని దాని యర్థము. అనుకరణము ఎంత సహజమైనదో శిక్షాశాస్త్రము నెఱిఁగినవారికిఁ జెప్పనక్కఱలేదు. బకారము నాదముగల యోష్ఠ్యము. మకారమును ఓష్ఠ్యమే, కాని యనునాసికము. పెదవులు మూసియుండఁగాఁ గంఠమునందలి నాదము ముక్కుచే వెలువడునపుడు పుట్టు మ్రోఁతను ఈ రెండు వర్ణములును గలసి పట్టియిచ్చుచున్నవి. నడుమనున్న యోకారము నోటిని గుండ్రముచేసి బోలుఁదనమును గూర్చుచున్నది. క్రీస్తునకుఁ బూర్వము 4వ శతాబ్దమున నరిస్టాటిల్ తన జంతుచరిత్రమునందుఁ దేనెటీఁగల దినచర్యను వర్ణించుచు, వేకువను బట్టునందలి యీఁగలన్నియు నిశ్శబ్దముగా నుండఁగా నొక్క యీఁగ రెండుమూఁడు మాఱులు రొదచేసి తక్కినవానిని మేల్కొలుపునని వ్రాసెను. అచ్చట నతఁడు వాడిన క్రియ బోంబొస్ శబ్దమునుండి పుట్టినదే.

ఆ శతాబ్దముననే ప్లేటో రచించిన 'ప్రొటాగొరస్' అను సంవాదమున నీ పదమునకు మఱియొక ప్రయోగము గలదు. ఏథెన్సు నగరమునఁ గల్లియాస్ అను ధనికుని యింటఁ బండితులు గూడియుందురు. వారిలోఁ బ్రోడికస్ అనువాఁడు పూర్వము కొట్టుగానుండిన యొక గదియందుఁ గంబళ్లు కప్పుకొని పండుకొని ప్రసంగించుచుండును. వెలుపలనున్న సోక్రటీసునకు నాతని మాటలు వినవలెనని మిక్కిలి కోరిక. కాని ప్రోడికస్ కంఠము మంద్రమగుటచే గదియంతయు నొక బోంబొస్‌తో నిండిపోయి, పలుకులు స్పష్టముగా వినరాకపోవును. ఈ ప్రోడికస్ సమానార్థకములుగాఁ దోఁచు పదముల సూక్ష్మభేదమును విడఁదీసి చూపుటయందుఁ బేరొందినవాఁడు. అట్టివాని పలుకులే వర్ణభేదము దెలియని మ్రోఁతయైపోయిన వనుటలోఁ బ్లేటో మందహాసము గానవచ్చుచున్నది. మనుష్యుల ప్రసంగమును దుమ్మెదరొదతోఁ బోల్చు చమత్కారము ఈ పదమునందుఁ దొలుతనుండియు నిట్లు పొంచియున్నది. పాణినీయధాతుపాఠము గుజధాతువునకు నవ్యక్తశబ్దము అర్థమని చెప్పుటయు నిచ్చట స్మరింపఁదగినది. వర్ణములు విడిగాఁ దోఁపని నాదమే యవ్యక్తశబ్దము. గుంజనమనఁగా నదియే, ప్రోడికస్ గదినుండి వెడలినదియు నదియే.

గ్రీకుపదము లాటినుభాషయందు 'బోంబుస్' అయినది. దానినుండి 'బోంబితారె', 'బోంబిలారె' యను క్రియలు తేనెటీఁగల రొదకుఁ జెల్లినవి. యూరపు పండితులకు లాటిను శాస్త్రభాషగా నున్నంతకాలము ఈ కుటుంబము నశింపలేదు. ఆంగ్లవైద్యుఁడగు సర్ టామస్ బ్రౌన్ లోకమునందలి భ్రాంతులను ఖండించుచు 1646లోఁ బ్రకటించిన గ్రంథమునఁ దుపాకిమందు ప్రేలునపు డగు మ్రోఁతను దెలుపుటకు దీనినుండి పుట్టిన నామమునే వాడెను. 1802లో లాట్రెయ్ అను ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుఁడు ఒడలెల్ల నూఁగుగల పెద్దతేనెటీఁగల గణమునకు బోంబుస్ అనియే పేరు పెట్టెను. ఆ గణమువి హిమాలయప్రాంతముల విరివిగాఁ గలవు. తెనుఁగునాఁట సాధారణముగాఁ దుమ్మెదయని పిలువఁబడునది కట్టెను దొలిచి గూడు చేసికొను వేఱొక గణమునకుఁ జేరినది.

ఇంతవఱకుఁ జరిత్రము ఋజుమార్గముననే నడచినది. వంకర తిరిగినది 16వ శతాబ్దమున. సన్న్యాసిగా నుండి పిదప వైద్యుఁడై, హాస్యరచనచేఁ బ్రసిద్ధుఁడైన ఫ్రాంస్వా రాబ్లే 1532లో మొదట వెలువరించిన 'పాంటాగ్రుయెల్' అను కథలో, నాయకుఁడు పారిస్ నగరమున సెయింట్ విక్టర్ మఠపు గ్రంథాలయమును జూచును. మఠము నిజముగా నుండినదే. కాని రాబ్లే యిచ్చిన గ్రంథపట్టికలోఁ బెక్కు పేళ్లు కల్పితములు. వానిలో నొకటి మిక్కిలి సూక్ష్మమైన ప్రశ్నను జర్చించు శాస్త్రగ్రంథమఁట. శూన్యప్రదేశమున గుంజనము చేయుచున్న కైమీరా యను జంతువు ద్వితీయభావములను దినఁగలదా యనునది యందలి ప్రశ్న. 1414 మొదలు 1418 వఱకు జరిగిన కాన్‌స్టన్స్ మతమహాసభయందు దీనిపైఁ బది వారములు వాదము జరిగినదని యాతని పరిహాసము.

ఈ పరిహాసమునందలి ప్రతిపదమును నొక యసంభవమే. కైమీరా సింహముఖము, మేఁకయొడలు, పాముతోఁక గల గ్రీకుపురాణములలోని జంతువు. తార్కికులు లేనివస్తువునకు దృష్టాంతముగా దానినే చూపుచుండిరి. మన తార్కికుల వంధ్యాపుత్రుఁడు, శశశృంగము, ఖపుష్పము నెట్టివో యదియు నట్టిది. శూన్యము ప్రకృతియందు లేదని యరిస్టాటిల్ మతము ననుసరించువారి సిద్ధాంతము. ద్వితీయభావము లనఁగా వస్తువులనుగూర్చిన భావములు కావు, భావములనుగూర్చిన భావములు. గుఱ్ఱము, మనుష్యుఁడు అనునవి ప్రథమభావములు. జాతి, ఉపజాతి యనునవి వానిపైఁ గట్టిన ద్వితీయభావములు. కావున లేని జంతువు లేని చోటున మ్రోఁగుచుఁ దినరానిదానిని దినునా యని ప్రశ్న. నిష్ప్రయోజనమైన వాదమును ఇంతకంటె సంగ్రహముగాఁ బరిహసించుట కష్టము.

శూన్యమున ధ్వని పుట్టదనుట యాకాలమునకు యుక్తిమాత్రము. 1660లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన గ్రంథమున నది ప్రయోగసిద్ధమైనది. అతఁడు గాజుపాత్రలో దారమున గడియారమును వ్రేలఁగట్టి యంత్రముచే లోని గాలిని దోడివేయఁగా, గడియారపు చప్పుడు క్రమముగాఁ దగ్గి వినరాకపోయెను. న్యాయవైశేషికములు శబ్ద మాకాశగుణ మనుచున్నవి గదా యని యిచ్చట శంక గలుగవచ్చును. ఆ శాస్త్రములందలి యాకాశము శూన్యము గాదు; అది సర్వవ్యాపియైన ద్రవ్యము. రాబ్లే చెప్పిన శూన్యమో, ద్రవ్యమేమియు లేని చోటు. రెంటిని నొకటిగాఁ జేసి వాదించుటయు శూన్యమున గుంజనము చేయుటయే యగును.

శబ్దచరిత్రమునకు ముఖ్యమైన యంశము వేఱొకటి. ఆ కల్పితగ్రంథనామమున రాబ్లే వాడిన క్రియ బోంబితారె కాదు, బోంబిలారెయుఁ గాదు. నకారముతోఁ గూడిన 'బోంబినారె' రూపము. ఇది పూర్వరూపముల వికారమని నిఘంటుకారుల నిర్ణయము. మఠములందలి చెడిన లాటినును వెక్కిరించు పట్టికలో సాధురూపము నెవ్వఁడు వెదకును? ఇంగ్లీషునకు వచ్చినది మాత్ర మా నకారరూపమే. 1880 ప్రాంతమున నిది యాంగ్లవాఙ్మయమునఁ గనఁబడుచున్నది. కవియుఁ విమర్శకుఁడు నగు స్విన్‌బర్న్ ఆ కాలమున షేక్స్పియరును గూర్చి వ్రాసిన గ్రంథములో నీ పదమును రాబ్లే కైమీరాను దలఁచుచునే ప్రయోగించెను. కావున నీ క్రియ యాంగ్లేయులకుఁ దుమ్మెదవలనఁ గాక కైమీరావలన సంక్రమించినది. శూన్యమున మ్రోఁగు వ్యర్థవాదమను భావము దానివెంటనే వచ్చినది. నిఘంటువు చూచువాఁడు లాటినుమూలమును మాత్రమే గ్రహించి గుంజనార్థముతోఁ దృప్తిపడినచోఁ బదముయొక్క శరీరమును జూచి ప్రాణమును విడిచినవాఁడగును.

సంస్కృతమునందును నిట్టి పుస్తకజన్మముగల నామ మొకటి యున్నది. తుమ్మెదకు ద్విరేఫ మని పేరు. దానికి రెండు రేఫ లెచ్చటివి? కీటకమునందు లేవు, దాని రొదయందును లేవు. భ్రమర మను పదమునందుఁ గలవు. ఒక పదముయొక్క వర్ణములను లెక్కించి మఱియొక పదము చేయఁబడినది. తుమ్మెదను జూడనివాఁడును భ్రమరశబ్దమును వ్రాయ నేర్చినచో ద్విరేఫశబ్దము నెఱుఁగఁగలఁడు. బాంబినేట్ క్రియయు నిట్లే ప్రకృతికి రెండవ మెట్టునఁ బుట్టినది.

బోంబొస్ సంతానము నింకను బరిశీలించినచో ధ్వనిసామ్య మెంతవఱకు నమ్మఁదగినదో తెలియును. ప్రేలుడుగుండునకు 'బాంబు' అను పేరు లాటిను బోంబుస్ నుండియే యిటలీ, ఫ్రాన్సుల మీఁదుగా వచ్చినదని పెద్దల మతము. ఆ పదమే తెనుఁగునఁ బల్లెపల్లెకును దెలిసినదగుటచే, గ్రీకుల తేనెటీఁగరొద తెనుఁగువారి నాలుకపైనను నొక రీతిగా నిలిచియున్నది. ఎగిరి దూఁకుట యను నర్థముగల 'బౌండ్' అను నింగ్లీషుక్రియయు నీ వంశముదే. దాని ఫ్రెంచిమూలమునకు మొదట మాఱుమ్రోఁగుట యర్థము. మ్రోఁత తగిలి వెనుకకు వచ్చుటనుండి వస్తువు తగిలి యెగురుటకును, అందుండి దూఁకుటకును నర్థము జరిగినది. నేఁడు బౌండ్ అను పదమునందు రొద లేశమును లేదు. చుట్టఱికము మాత్ర మున్నది.

దీనికి విరుద్ధమైన యుదాహరణము 'బాంబాస్ట్'. ఆడంబరమైన వట్టిమాటలకు నింగ్లీషున నది పేరు. రూపము చూచినఁ బోలికయుఁ గలదు. అర్థము చూచిన వ్యర్థభాషణమే. అన్నదమ్ములని యెవ్వఁడైనను బ్రమాణము చేయును. కాని దీనికి బోంబుస్‌తో సంబంధము లేదు. మధ్యకాలపు లాటినులోఁ బ్రత్తికిఁ జెల్లిన 'బోంబాక్స్' దీనికి మూలము. 16వ శతాబ్దమున దుస్తులలోఁ గూరు దూదికి నీ పేరుండెను. దూది కూరి యుబ్బించిన యంగీవలె మాటలు కూరి యుబ్బించిన వాక్యమునకు నా పేరు సంక్రమించినది. వృక్షశాస్త్రజ్ఞుఁడు లిన్నేయసు 1753లో బూరుగుచెట్టు గణమునకుఁ బెట్టిన నామమును నీ దూది పేరే. రూపమును నర్థమును రెండును గలసినప్పటికిని జుట్టఱికము లేకపోవచ్చు ననుటకు బాంబాస్ట్, రెండును గలియకున్నను జుట్టఱికము ఉండవచ్చు ననుటకు బౌండ్ సాక్షులు.

ఈ వివేకము సంస్కృతమును యూరపుభాషలను బోల్చి చూచువారికి మిక్కిలి యావశ్యకము. సంస్కృతకోశములందుఁ దుమ్మెదకు బంభర మను పేరు గలదు. బోంబొస్ శబ్దమును దీనిని బ్రక్కప్రక్కనఁ జూచిన వెంటనే రెండును నొకటే యని యుత్సహించుట సహజము. కొందఱు భ్రమరమునుగూడ నీ గుంపునఁ జేర్చుదురు. కాని సోదరభాషల నడుమ వర్ణసంవాదమునకు నియమ మున్నది. సంస్కృతమునఁ బదాదిభకారమునకు గ్రీకున ఫకారము రావలెను. భృ ధాతువునకు 'ఫెరో', భ్రాతృశబ్దమునకు 'ఫ్రాతేర్' సరిపడుటచే నీ నియమము స్పష్టము. బోంబొస్ ఆదియందున్నది బకారము. కావున భ్రమరముతో దానికి వంశసంబంధము కుదురదు. పైఁగా భ్రమరశబ్దమును వైయాకరణులు చలనార్థకమగు భ్రమధాతువునుండి సాధించిరి. దానికి రొద కారణము కాదు, తిరుగుటయే కారణము. బంభరము సంగతి యన్ననో, తుమ్మెద రొద గంగాతీరమునను నేథెన్సునందును నొక్కటే. పెదవులును ముక్కును మనుష్యుల కందఱకు నొక్కటే. ఒకే ధ్వని నిరువురు వేర్వేఱుగా ననుకరించినఁ బోలిక రాక తప్పదు. అట్టి పోలిక సమానకారణమునకు సాక్ష్యమగును గాని సమానవంశమునకు సాక్ష్యము గాదు.

ఈ విషయమునఁ బ్రాచీనులు మేల్కొనియే యుండిరి. యాస్కుఁడు నిరుక్తమునఁ గాకశబ్దము ధ్వన్యనుకరణమనియుఁ, బక్షుల పేళ్లలో నిది మెండనియుఁ జెప్పి, వెంటనే యనుకరణ మనునదే లేదను నౌపమన్యవుని మతమును బేర్కొనెను. ఔపమన్యవుఁడు కాకి తఱిమివేయఁదగినది గావున నా పేరు వచ్చినదని వ్యుత్పత్తి కల్పించెను. గ్రీసున ప్లేటో తన 'క్రాటిలస్' సంవాదమున నిదే చర్చను లేవనెత్తెను. అనుకరణమే నామకరణమైనచో గొఱ్ఱెలవలెఁ, గోళ్లవలెఁ గూసినవారును వానికిఁ బేళ్లు పెట్టినట్లే యని యొప్పుకొనవలసివచ్చునని సోక్రటీసు నోటఁ బలికించెను. 1861లో మాక్స్‌ముల్లరు లండనున నిచ్చిన యుపన్యాసములలో ననుకరణమతమునకుఁ గుక్కమొఱుఁగు వాదమని పరిహాసనామ మిడి, యట్టి పదములు సంతానము లేని గొడ్లని వాదించెను. బాంబు, బౌండ్, బాంబినేట్‌లను జూచిన నీ మాట నిలువదు. అనుకరణపదమును గొడ్డు కాదు. 1916లోఁ బ్రకటితమైన గ్రంథమున ఫెర్డినాండ్ ద సొస్యూర్ సరియైన మార్గమును జూపెను. పావురపుఁగూనకు లాటినునఁ గల యనుకరణనామము వర్ణపరిణామమునకు లోఁబడి ఫ్రెంచిలోఁ 'బిజొన్' అయి, ధ్వనిపోలికను గోల్పోయి, సామాన్యపదమైనదని యతఁడు వివరించెను. అనుకరణపదములును భాషలోఁ బ్రవేశించిన పిమ్మట భాషానియమములకుఁ గట్టువడవలసినవే.

ఈ కట్టుబాటును శాస్త్రముగాఁ గూర్చినవాఁడు పాణిని. అష్టాధ్యాయి పంచమాధ్యాయ చతుర్థపాదమున నవ్యక్తానుకరణమునకు డాచ్ ప్రత్యయమును విధించి, పటపటాకరోతి వంటి రూపముల నతఁడు సాధించెను. అనుకరణము ఎంత వర్ణములు గలదై యుండవలెనో, యేశబ్దము పరమగునపుడు ప్రత్యయము రాదో గూడ నియమించెను. అనఁగా రొదకును వ్యాకరణ మున్నదని యాతని మతము. తెనుఁగున నీ పనిని 'అను' ధాతువు చేయుచున్నది. ఝుమ్మను, గుయ్యిమను, ఘల్లను అనుచోట్ల ధ్వనిమాత్రమైనది ధాతుయోగముచేఁ గ్రియయగుచున్నది. భాష ధ్వని నట్లే యంగీకరింపదు. తన ముద్ర వేసి యంగీకరించును.

ఇఁక బాంబినేట్ క్రియను దెనుఁగునకుఁ దెచ్చువారు చేయవలసిన దేమి? గుంజనము చేయు ననిన వ్యుత్పత్తికిఁ దగును గాని ప్రయోగమునకుఁ దగదు. గుంజనము మన కవుల చేతులలో వసంతము, పద్మము, మకరందములతోడి సాంగత్యముచే మధురమైన పదము. దానితో వ్యర్థవాదమను భావము పొసఁగదు. తెనుఁగు 'రొద' యందు మ్రోఁతయు విసుఁగును రెండును గలవు. కావున 'వట్టిరొద చేయు' అనుట మూలమునకు సన్నిహితము. ధాత్వర్థముకంటె రూఢి బలవత్తరమని మీమాంసకులు చెప్పిన న్యాయ మన్యభాషాపదముల యనువాదమునను సమానముగాఁ బ్రవర్తించును.

పదముల చుట్టఱికమును నిర్ణయించుటకు మూఁడు సాక్ష్యములు గావలెను. వర్ణసంవాదనియమ మొకటి, ఏకాలమున నేదేశమున నేగ్రంథమున నా రూపము గనఁబడినదను చారిత్రకక్రమ మొకటి, ఆ యా చోట్లఁ బ్రయోగించినవారి తాత్పర్య మొకటి. ఈ మూఁటిని విడిచి చెవికిఁ దోఁచిన పోలికను మాత్రమే పట్టుకొని, లోకభాషలన్నియు నొక్క దానినుండి పుట్టినవని చేయు వాదములు పండితసభలయందు నపుడపుడు వినఁబడుచునే యుండును. వాని కంఠము గంభీరమే, మ్రోఁతయు గొప్పదే. కాని ప్రోడికస్ గదివెలుపల నిలిచిన సోక్రటీసువలె వినువాఁడు చెవియొగ్గి యెంత సేపు నిలిచినను, నందు వ్యక్తమగు వర్ణ మొకటియు నుండదు.